ఫ్యామిలీ గ్రూపులో "ఎండలు ఎప్పుడూ ఉన్నవే కదా" అంటే ఏం చెప్పాలి, ఎలా చెప్పాలి

ప్రతి ఏడాది మార్చి నెలాఖరు వచ్చేసరికి మా ఫ్యామిలీ గ్రూపులో ఒకటే చర్చ. ఎవరో ఎండల మీద న్యూస్ క్లిప్ పెడతారు, కింద మా బాబాయ్ "రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయని తాతల నాటి నుంచీ అంటూనే ఉన్నాం, ఇప్పుడు కొత్తగా ఈ గ్లోబల్ వార్మింగ్ ఏంట్రా" అని పెడతాడు, ఇంకో నలుగురు దానికి దండం ఎమోజీ కొడతారు, అక్కడితో అయిపోతుంది. కొన్నేళ్ల క్రితం నేను ఊరుకోలేక వరసగా అయిదు ఇంగ్లీష్ లింకులు పెట్టి "తెలియని విషయం మాట్లాడకు బాబాయ్" అనేశాను. ఆయన రెండు నెలలు గ్రూపులో ఒక్క మాట కూడా రాయలేదు. తణుకు పక్కన 40 ఏళ్లుగా వరి పండిస్తున్న మనిషి, మబ్బు చూసి వాన ఎటు పోతుందో చెప్పేవాడు, ఆయన్ని పట్టుకుని నీకు తెలియదు అన్నాను. అది తప్పు. ఆ తర్వాత ఇంటికెళ్లి ఆయన పక్కన కూర్చుని మాట్లాడుతూ మాట్లాడుతూ నేర్చుకున్నదే ఇక్కడ రాస్తున్నాను, మీ ఇంట్లో కూడా ఇలాంటి బాబాయో మావయ్యో ఉంటే పనికొస్తుంది.

ముందు చేయాల్సిన పని, ఎదుటి మనిషి కళ్ళతో చూసింది ఒప్పుకోవడం. ఎండలు అప్పుడూ ఉండేవి అన్నది అబద్ధం కాదు కదా. రోహిణి కార్తె మే నెలాఖరు నుంచి జూన్ మొదటి వారం దాకా ఉంటుంది, ఆ రెండు వారాలు తాతల కాలంలో కూడా మండిపోయేవే. తేడా ఎక్కడుందో మీరు చెప్పకండి, అడగండి. "బాబాయ్, మార్చిలోనే ఇంత ఎండ ఉండేదా? ఎండాకాలం డాబా మీద పడుకుంటే తెల్లవారుజామున దుప్పటి కావాల్సొచ్చేదని నువ్వే అంటావు కదా, ఇప్పుడు ఎన్ని రాత్రులు అలా ఉంటున్నాయి?" అని అడిగాను నేను. ఆయన కాసేపు ఆగి "రాత్రిళ్ళు మాత్రం మారాయిరా" అన్నాడు. అక్కడి నుంచి మాట ముందుకెళ్ళింది.

తర్వాత ఒక్క అంకె చాలు, పది వద్దు. కేంద్ర ప్రభుత్వ ఎర్త్ సైన్సెస్ శాఖ 2020లో ఇచ్చిన రిపోర్టు ప్రకారం 1901 నుంచి 2018 మధ్యలో మన దేశం సగటు ఉష్ణోగ్రత దాదాపు 0.7 డిగ్రీలు పెరిగింది. ప్రపంచం మొత్తం చూస్తే ఇంకా ఎక్కువ, 2024 సంవత్సరం 19వ శతాబ్దం రెండో సగంతో పోలిస్తే సుమారు ఒకటిన్నర డిగ్రీ వేడిగా నడిచింది, రికార్డుల్లో అంత వేడి సంవత్సరం అప్పటిదాకా లేదు. "ఒక డిగ్రీకే ఇంత గోలా" అంటారు, తప్పకుండా అంటారు. అప్పుడు చెప్పాల్సింది, ఇది మధ్యాహ్నానికీ సాయంత్రానికీ మధ్య తేడా కాదు, భూమి మొత్తానికి ఏడాది పొడుగునా సగటు, మంచు యుగానికీ ఇప్పటికీ మధ్య సగటు తేడానే 5, 6 డిగ్రీల చుట్టుపక్కల. ఆ మాత్రం తేడాకే ఒకప్పుడు ఉత్తర అమెరికాలో సగ భాగం, మైళ్ళ మందాన ఉన్న మంచు కింద ఉంది. అలాగే లంబసింగిలో మంచు పడితే "ఏదిరా వార్మింగ్" అని ఫోటో పెడతారు, ఒక ఊళ్ళో ఒక తెల్లవారుజాము వాతావరణం వేరు, 30 ఏళ్ళ సగటు వేరు అని ఒక్క ముక్కలో చెప్పి వదిలేయండి, దాని మీద ఎక్కువసేపు వాదించక్కర్లేదు.

ఇప్పుడు అసలు పని, కార్బన్ డయాక్సైడ్ వేడిని ఎలా పట్టి ఉంచుతుందో అర్థమయ్యేలా చెప్పడం. చాలామంది ఎండలో అద్దాలు మూసి పెట్టిన కారు ఉదాహరణ చెప్తారు, దయచేసి అది వద్దు, కారు లోపల వేడెక్కేది ముఖ్యంగా వేడి గాలి బయటికి పోలేకపోవడం వల్ల, తెలిసినవాడు ఎవడైనా ఉంటే అక్కడే పట్టుకుంటాడు. మనకి డాబా ఉంది కదా. పుష్య మాసంలో ఆకాశం తేటగా, నక్షత్రాలు స్పష్టంగా కనిపించే రాత్రి బయట మంచం వేసుకుంటే తెల్లారేసరికి దుప్పటి మంచుకి తడిసిపోతుంది, వణుకు పుడుతుంది. అదే వారంలో ఒక రాత్రి మబ్బు పడితే చలి అంత ఉండదు, మంచు కురవదు. సూర్యుడు రెండు రాత్రులూ లేడు. మరి తేడా ఎందుకు? పగలు వేడెక్కిన నేల రాత్రంతా కంటికి కనపడని కిరణాల రూపంలో ఆ వేడిని పైకి వదులుతూ ఉంటుంది, తేట ఆకాశం అయితే అది చాలా వరకు పోతుంది, మబ్బు ఉంటే మబ్బు దాన్ని పీల్చుకుని కొంత మళ్ళీ కిందకే పంపుతుంది. కార్బన్ డయాక్సైడ్ చేసేది అదే పని, కాకపోతే కనపడదు, పగలూ రాత్రీ ప్రతి చోటా ఉంటుంది, వాన పడితే మబ్బులా కరిగిపోదు. ఈ మాట చెప్పినప్పుడు మా పిన్ని వెంటనే "అందుకే మబ్బు రోజు ఒడియాలు మాత్రం ఎండవు, ఉక్క మాత్రం పోదు" అంది. పట్టేసింది అన్నమాట.

గాలిలో అది 0.04 శాతమే కదా, అంత కొంచెం ఏం చేస్తుంది అనే ప్రశ్న చదువుకున్న వాళ్ళ దగ్గర నుంచి వస్తుంది, ఇంజనీరింగ్ చేసిన మా కజినే అడిగాడు. జవాబు ఏంటంటే మిగతా 99 శాతం నైట్రోజన్, ఆక్సిజన్, ఆర్గాన్, ఆ కిరణాలకి అవి దాదాపు అడ్డే కాదు, పని చేసేదంతా ఆ మిగిలిన కొంచెంలో ఉన్న నీటి ఆవిరి, కార్బన్ డయాక్సైడ్, మీథేన్ లాంటివే. అసలు ఈ వాయువులే లేకపోతే భూమి సగటు మైనస్ 18 డిగ్రీల దగ్గర ఉండేది, ఇప్పుడున్న 15 కాదు. పొలంలో కలుపు మందు ట్యాంకుకి ఎంత కలుపుతాం? ట్యాంకులో ఎక్కువ నీళ్ళే, పని చేసేది ఆ మూత మందే. నీటి ఆవిరి ఇంకా ఎక్కువ ఉంది కదా అంటే నిజమే, కానీ దాన్ని మనం నేరుగా పెంచలేం, ఎక్కువైతే వానై పడిపోతుంది, గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ ఆవిరి పట్టుకోగలదు, అంటే కార్బన్ డయాక్సైడ్ మొదలుపెట్టిన వేడిని ఆవిరి ఇంకా పెంచుతుంది. కుంభవృష్టి ఎందుకు పెరుగుతోంది అన్నదానికి కూడా ఇదే మూలం.

"ఇదంతా ఈ మధ్య పుట్టించిన గోల, విదేశీ ఫండ్స్ కోసం" అన్నవాళ్ళకి తారీఖులు చెప్పండి. యూనిస్ ఫుట్ అనే అమెరికన్ మహిళ గాజు గొట్టాల్లో వేరే వేరే వాయువులు నింపి ఎండలో పెట్టి, కార్బన్ డయాక్సైడ్ ఉన్న గొట్టం ఎక్కువ వేడెక్కుతోందని రాసింది 1856లో, అంటే సిపాయిల తిరుగుబాటుకి ఒక ఏడాది ముందు. 1859లో జాన్ టిండాల్ ఏ వాయువు వేడి కిరణాలని ఎంత పీలుస్తుందో కొలిచాడు. 1896లో స్వీడన్‌లో స్వాంటే అరీనియస్ చేత్తో లెక్కలు కట్టి, గాలిలో ఇది రెట్టింపు అయితే భూమి ఎన్ని డిగ్రీలు వేడెక్కుతుందో అంచనా వేశాడు. అప్పటికి మన ఊళ్ళలో కారే లేదు, ఇక ఫండ్స్ ఎక్కడివి.

ఓజోన్ గురించి మాత్రం ఓపిగ్గా చెప్పాలి, ఎందుకంటే మన వైపు ఇది చాలా లోతుగా పాతుకుపోయింది. "ఓజోన్ పొరకి చిల్లు పడింది, దాంట్లోంచి ఎండ ఎక్కువ దిగుతోంది, అందుకే వేడి" అని నేనే పదో తరగతి దాకా నమ్మాను, స్కూల్లో రెండు పాఠాలూ పక్కపక్కనే చెప్పేసరికి కలిసిపోయాయి. ఇవి రెండు వేరు వేరు సమస్యలు. ఓజోన్ చిల్లు అంటారే, అది అంటార్కిటికా మీద ప్రతి ఏడాది సెప్టెంబర్, అక్టోబర్ ప్రాంతంలో పొర బాగా పల్చబడటం, బ్రిటిష్ శాస్త్రవేత్తలు 1985లో బయటపెట్టారు. దానికి కారణం ఫ్రిజ్‌లలో, ఏసీల్లో, స్ప్రేలలో వాడిన సీఎఫ్‌సీలు అనే రసాయన వాయువులు. ఓజోన్ పొర ఆపేది అతినీలలోహిత కిరణాలని, అవి చర్మానికీ కళ్ళకీ చెడు చేస్తాయి తప్ప భూమి వేడెక్కడానికి కారణం అది కాదు. పైగా 1987లో మాంట్రియల్ ఒప్పందం చేసుకుని దేశాలన్నీ మెల్లమెల్లగా సీఎఫ్‌సీలు ఆపేశాయి, పొర నెమ్మదిగా కోలుకుంటోంది. అది కోలుకుంటూ ఉంటే భూమి మాత్రం ఇంకా వేడెక్కుతూనే ఉంది, ఈ ఒక్క సంగతి చాలు రెండూ ఒకటి కాదని చెప్పడానికి. నాకైతే ఇది చెప్పడం ఇష్టం, ఎందుకంటే మనుషులు ఒక పెద్ద తప్పుని గుర్తించి కూర్చుని సరిదిద్దుకున్న కథ కూడా ఇదే.

ఇంక అన్నిటికంటే గట్టి వాదన. "వాతావరణం ఎప్పుడూ మారుతూనే ఉంది, మనుషులు లేనప్పుడు కూడా మారింది, ఇప్పుడు మాత్రం మనవల్లే అని ఎలా అంటావు?" ఇది మంచి ప్రశ్న, దీన్ని కొట్టిపారేయకండి. మారింది, నిజమే. భూమి కక్ష్యలో, వంపులో మెల్లగా వచ్చే మార్పుల వల్ల మంచు యుగాలు వచ్చాయి, పోయాయి, కానీ వాటికి వేల, పదుల వేల ఏళ్ళు పడుతుంది. దొంగతనాలు ఎప్పుడూ జరుగుతూనే ఉన్నాయి కాబట్టి నిన్న రాత్రి మన ఇంట్లో జరిగింది ఎవరు చేశారో వెతకక్కర్లేదు అనం కదా, వేలిముద్రలు చూస్తాం. ఇక్కడ కూడా వేలిముద్రలు ఉన్నాయి, నాలుగు చెప్తాను.

ఒకటి సూర్యుడు. 1978 నుంచి ఉపగ్రహాలతో సూర్యుడి శక్తిని నేరుగా కొలుస్తున్నారు, 11 ఏళ్ళకోసారి కొంచెం పెరిగి తగ్గుతుంది తప్ప మొత్తం మీద పెరగలేదు, భూమి మాత్రం అదే కాలంలో బాగా వేడెక్కింది. రెండు, సూర్యుడి వల్ల అయితే వాతావరణం కింద నుంచి పై దాకా అంతా వేడెక్కాలి, కానీ కింది పొర వేడెక్కుతుంటే దాని పైన ఉండే స్ట్రాటోస్ఫియర్ అనే పొర చల్లబడుతోంది. దుప్పటి కింద ఉన్నవాడికి వెచ్చగా, దుప్పటి బయట చల్లగా ఉన్నట్టు. స్యుకురో మనాబే 1967లోనే కంప్యూటర్ మోడల్‌తో ఇలా జరుగుతుందని ముందే చూపించాడు, ఆయనకి 2021లో ఫిజిక్స్ నోబెల్ వచ్చింది. మూడు, ప్రపంచం మొత్తం మీద పగళ్ళ కంటే రాత్రులు ఎక్కువ వేడెక్కాయి. బాబాయ్ "రాత్రిళ్ళు మారాయిరా" అన్నాడే, అదే.

నాలుగోది నాకు అన్నిటికంటే నచ్చింది, పెరిగిన కార్బన్ ఎక్కడిదో దాని మీదే రాసి ఉంటుంది. బతికి ఉన్న చెట్టులో, మనిషిలో కార్బన్-14 అనే రకం కొంచెం ఉంటుంది, చనిపోయాక అది సుమారు 5,730 ఏళ్ళకి సగం చొప్పున తగ్గిపోతూ ఉంటుంది. సింగరేణి బొగ్గు కోట్ల ఏళ్ళ నాటిది, దాంట్లో అది మచ్చుకైనా మిగల్లేదు. బొగ్గు, పెట్రోలు కాల్చినప్పుడు ఈ పాత కార్బన్ గాలిలో కలిసి కొత్తదాన్ని పల్చన చేస్తుంది, పాలల్లో నీళ్ళు కలిపినట్టు. 1955లోనే హాన్స్ స్యూస్ చెట్ల వలయాల్లో ఈ పల్చదనాన్ని పట్టుకున్నాడు. దీనితో పాటు గాలిలో ఆక్సిజన్ కూడా చాలా కొద్దిగా తగ్గుతూ వస్తోంది, అది అగ్నిపర్వతం నుంచో సముద్రం నుంచో వచ్చిన వాయువు అయితే తగ్గక్కర్లేదు, ఎక్కడో ఏదో మండుతుంటేనే తగ్గుతుంది. అగ్నిపర్వతాల లెక్క కూడా అడుగుతారు, ప్రపంచంలో అగ్నిపర్వతాలన్నీ కలిసి ఏడాదికి వదిలేది మనం బొగ్గు, ఆయిల్, గ్యాస్ కాల్చి వదిలే దాదాపు 3,700 కోట్ల టన్నుల్లో వందో వంతు దాకానే.

ఈ టన్నులు ఎవరికీ ఊహకి అందవు, కాబట్టి బండి చూపించండి. లీటరు పెట్రోలు ముప్పావు కిలో బరువు ఉంటుంది, కానీ అది కాలిస్తే వచ్చే కార్బన్ డయాక్సైడ్ 2.3 కిలోలు. అదెలా, ముప్పావు కిలోలోంచి రెండు కిలోలు ఎలా వచ్చాయి అని ప్రతి ఒక్కరూ ఆగిపోతారు. పెట్రోల్లోని ప్రతి కార్బన్ పరమాణువుకి గాలిలోంచి రెండు ఆక్సిజన్‌లు వచ్చి అతుక్కుంటాయి, ఆ బరువు అదే. బంకులో మూడు లీటర్లు కొట్టించుకున్నప్పుడు ఇంచుమించు ఏడు కిలోల వాయువు అని గుర్తుపెట్టుకుంటే చాలు. మనం ఊపిరి వదిలినా అదే కదా వచ్చేది అని ఎదురు ప్రశ్న వస్తుంది, మనం వదిలేది మనం తిన్న అన్నంలోది, ఆ అన్నం మొన్న సార్వాలో, అంటే వానాకాలం పంటలో, గాలిలోంచి పీల్చుకున్నది, అక్కడిదక్కడే తిరుగుతుంది. కోట్ల ఏళ్ళు భూమి లోపల దాగినదాన్ని తవ్వి తెచ్చి కాల్చడం అలా కాదు.

హవాయిలో మౌనా లోవా కొండ మీద చార్లెస్ కీలింగ్ 1958లో కొలవడం మొదలుపెట్టినప్పుడు గాలిలో కార్బన్ డయాక్సైడ్ 315 పీపీఎం, అంటే పది లక్షల పాళ్ళలో 315 పాళ్ళ దగ్గర ఉంది, ఇప్పుడు 420 దాటింది. అంటార్కిటికా మంచులో ఇరుక్కున్న పాత గాలి బుడగలు చూస్తే గత 8 లక్షల ఏళ్ళలో ఎప్పుడూ 300 దాటి పెద్దగా పోలేదు. ఒక బొమ్మ పంపాలనుకుంటే ఆ మౌనా లోవా గ్రాఫ్ పంపండి, రంపం పళ్ళలా పైకి పోతుంది, ఆ పళ్ళు ఉత్తరార్ధగోళంలో చెట్లు ఏడాదికోసారి చిగిర్చి రాలడం వల్ల. "చెట్లు నాటితే సరిపోతుంది" అనే మాటకి జవాబు కూడా అందులోనే ఉంది, చెట్లు నిజంగానే పీల్చుకుంటాయి, నేలా సముద్రం కలిసి మనం వదిలేదాంట్లో సగం దాకా తీసుకుంటున్నాయి, మిగతా సగం మాత్రం ప్రతి ఏడాదీ పైన పేరుకుంటోంది. నాటండి, నీడకోసమైనా నాటండి, కానీ బొగ్గు తగ్గకుండా అది ఒక్కటే చాలదు.

రైతు కుటుంబాల్లో ఇంకో మాట నడుస్తుంది, కార్బన్ డయాక్సైడ్ మొక్కకి తిండి కదా, పెరిగితే పంట మంచిదే కదా అని. సగం నిజం. గ్రీన్‌హౌస్‌లో పెంచితే ఆకు పెరుగుతుంది. కానీ వరికి రాత్రి వేడి పడదు, పగలు తయారు చేసుకున్న పిండిని రాత్రి వేడికి మొక్కే ఎక్కువ ఖర్చుపెట్టేసుకుంటుంది. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ పొలాల్లో 1979 నుంచి 2003 దాకా వాతావరణ లెక్కలు, 1992 నుంచి పంట లెక్కలు చూసి 2004లో చెప్పింది ఏంటంటే ఎండాకాలం పంటలో రాత్రి ఉష్ణోగ్రత ఒక డిగ్రీ పెరిగితే దిగుబడి దాదాపు 10 శాతం తగ్గింది. పూత మీద ఉన్నప్పుడు 35 డిగ్రీలు దాటితే గింజ పట్టక తాలు పెరుగుతుంది. ఈ మాట చెప్పినప్పుడు బాబాయ్ మొహం మారింది, దాళ్వా, అంటే రెండో పంట, ఆలస్యం అయిన ఏడాది తాలు ఎంత పోయిందో ఆయనకి బస్తాలతో సహా గుర్తుంది.

ఇప్పుడు మన వైపు నుంచి జాగ్రత్త. ప్రతిదీ క్లైమేట్ చేంజ్ ఖాతాలో వేయకండి, ఒక్క అతి మాట దొరికితే మిగతా నిజాలన్నీ కొట్టుకుపోతాయి. ఉప్పాడ దగ్గర ఇళ్ళు సముద్రంలో కలిసిపోతున్నాయి అంటే సముద్రమట్టం ఒక్కటే కాదు, అలల తీరు, హోప్ ఐలాండ్ ఇసుక తిన్నె పెరగడం, తీరంలో కట్టడాలు, ఆనకట్టల వల్ల ఒండ్రు తగ్గడం అన్నీ ఉన్నాయి. 2024 సెప్టెంబర్‌లో విజయవాడ సింగ్‌నగర్ మునిగింది అంటే కుంభవృష్టి ఒకటి, బుడమేరు గట్లు తెగడం ఇంకొకటి. దివిసీమ ఉప్పెన 1977 నవంబర్ 19న వచ్చింది, అధికారిక లెక్కల్లోనే 10 వేల మంది దాకా పోయారు, కాబట్టి తుఫాన్లు ఇప్పుడే పుట్టాయి అనకండి, వెచ్చబడిన సముద్రం వాటికి బలం పెంచుతుంది అనండి. ఐక్యరాజ్యసమితి వాతావరణ నిపుణుల బృందం ఐపీసీసీ కూడా 2007 రిపోర్టులో హిమాలయ హిమానీనదాలు 2035కల్లా పోవచ్చని ఒక వాక్యం తప్పు రాసింది, 2010లో ఒప్పుకుని సరిదిద్దుకుంది. ఎవరైనా అది ఎత్తితే దాచకండి, "అవును, తప్పే, వాళ్ళే దిద్దుకున్నారు, హిమానీనదాలు కరగడం మాత్రం ఆగలేదు" అని చెప్పండి.

"చేసింది అమెరికా, యూరప్, మనల్ని ఎందుకు అంటారు" అన్నప్పుడు గట్టిగా అవును అనాలి, ఎందుకంటే చాలా వరకు న్యాయమైన మాట. మన దేశంలో తలకి ఏడాదికి వదిలే కార్బన్ డయాక్సైడ్ 2 టన్నుల చుట్టుపక్కల, అమెరికాలో 14 దగ్గర. చరిత్ర మొత్తం లెక్క తీస్తే అమెరికాదే దాదాపు నాలుగో వంతు. కానీ ఏడాది మొత్తం లెక్కలో ఇప్పుడు మనం మూడో స్థానంలో ఉన్నాం, మన కరెంటులో 70 శాతం పైన బొగ్గుదే, పైగా దెబ్బ తగిలేది ముందు మనకే. 2015 మే నెలలో వడగాలులకి దేశంలో 2 వేల మందికి పైగా చనిపోతే ఎక్కువ మంది ఆంధ్ర, తెలంగాణ వాళ్ళే, ఉపాధి పనికెళ్ళిన వాళ్ళు, వయసు మళ్ళిన వాళ్ళు, ఏసీ ఉన్నవాళ్ళు కాదు. ఎవరి తప్పు అన్నదీ, ఎవరికి నష్టం అన్నదీ రెండూ చెప్పండి.

చివరికి కుర్రాళ్ళ దగ్గర నుంచి వచ్చేది "ఇంక అయిపోయింది, చేసేదేం లేదు" అనే మాట, ఇది కూడా తప్పే, నాకు దీని మీద బాధ ఎక్కువ. ప్రపంచం మొత్తం కార్బన్ వదలడం నికరంగా సున్నాకి తెస్తే వేడి పెరగడం కూడా చాలా వరకు అక్కడే ఆగుతుందని శాస్త్రం చెప్తోంది, ఉన్న వేడి వెంటనే పోదు, కానీ పెరగదు. అంటే ప్రతి పదో వంతు డిగ్రీ ఇంకా మన చేతుల్లోనే ఉంది.

పంపే పద్ధతి గురించి ఒక మాట. లింకులు వద్దు, తెలుగులో రెండు నిమిషాల వాయిస్ మెసేజ్, ఒకసారికి ఒకే విషయం, వీలైతే గ్రూపులో కాకుండా విడిగా, నలుగురి ముందు ఎవరూ మాట వెనక్కి తీసుకోరు. నేను బాబాయ్‌కి విడిగా పంపింది రాత్రి ఉష్ణోగ్రత, వరి సంగతి ఒక్కటే. రెండు రోజుల తర్వాత ఫోన్ చేసి "ఆ కనిష్ఠం అంటారే, అది రోజూ ఎక్కడ చూడాలిరా" అని అడిగాడు. వాతావరణ శాఖ సైట్ ఫోన్లో తెరిచి చూపించాను. ఇప్పుడు మోటారు షెడ్డు పక్కన వేపచెట్టు నీడలో ఆయనే ఒక థర్మామీటరు కట్టుకున్నాడు, తెల్లవారి నీళ్ళు పెట్టడానికి వెళ్ళినప్పుడు చూసి, ఎరువుల లెక్క రాసుకునే పుస్తకంలోనే చివరి పేజీల్లో రాస్తున్నాడు.